కెమెరా ముందు మన మాట

(కె.ఆర్.పురంలో సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



చట్టసభల చర్చలనూ, ప్రభుత్వ విచారణలనూ టీవీలో చూపడం వలన భాషా అల్పసంఖ్యాకులమైన మనకు ఏమి ఒరిగినదో చెప్పమని నిర్వాహకులు కోరారు. ఎక్కడో ఢిల్లీనుండి మొదలుపెట్టడం కంటె మన పేటనుండే మొదలుపెడతాను.

2019 జూలైలో కుమారస్వామి ప్రభుత్వంపై విశ్వాస తీర్మానం చర్చకు వచ్చింది. 18వ తేదీన మొదలైన చర్చ 23వ తేదీదాకా సాగింది. తీర్మానానికి అనుకూలంగా 99, వ్యతిరేకంగా 105 ఓట్లు వచ్చాయి. ప్రభుత్వం పడిపోయింది. రాజీనామా ఇచ్చి సభకు రాకుండా ఉండిపోయినవారిలో మన కె.ఆర్.పురం శాసనసభ్యుడు బైరతి బసవరాజు ఒకరు. సభాపతి స్థానంలో కూర్చున్నది కోలారు జిల్లా శ్రీనివాసపురంనుండి ఎన్నికైన రమేశ్‌కుమార్. మన ఓట్లతో గెలిచినవారు సభలో లేకపోవడాన్ని ఆ అయిదారు రోజులూ మన ఇళ్లలో కూర్చుని మనం చూశాం. బసవరాజుగారిపై అనర్హత వేటు పడింది. సుప్రీంకోర్టు ఆ అనర్హతను నిలబెడుతూనే మళ్లీ పోటీ చేయడానికి అనుమతించింది. డిసెంబరు ఉపఎన్నికలో ఆయన మరొక పార్టీ తరఫున నిలిచి గెలిచారు. అది ఓటర్ల నిర్ణయం. దానిని తప్పుపట్టడానికి నేనెవరిని? ఏమి జరిగినదో స్వయంగా చూసి వేసిన ఓటు అది. నాకు కావలసినది అంతవరకే.

ఈ చూసే అవకాశం ఒక్కనాడు వచ్చినది కాదు. 1989 డిసెంబరు 20న పార్లమెంటు ఉభయసభలనుద్దేశించి రాష్ట్రపతి చేసిన ప్రసంగాన్ని తొలిసారిగా దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపింది. 1991లో ప్రశ్నోత్తరాల సమయాన్ని రికార్డు చేసి ప్రసారం చేయడం, 1994 డిసెంబరునుండి ప్రత్యక్షంగా చూపడం మొదలయ్యాయి. 2006 జూలైలో లోక్‌సభ టీవీ, 2011 ఆగస్టులో రాజ్యసభ టీవీ వచ్చాయి. 2021 సెప్టెంబరు 15న ఆ రెండింటి స్థానంలో సంసద్ టీవీ మొదలైంది. న్యాయస్థానాలు ఇంకా ఆలస్యంగా తలుపు తీశాయి. ముఖ్యమైన విచారణలను జనం చూడవచ్చునని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. రాజ్యాంగ ధర్మాసనాల విచారణలను నిజంగా చూపడం 2022 సెప్టెంబరులో గాని మొదలుకాలేదు. మన కర్ణాటక హైకోర్టు అంతకంటె ముందే, 2022 జనవరి 1నుండే, ప్రత్యక్ష ప్రసార నియమాలను అమలులో పెట్టింది. ఆ ఫిబ్రవరిలో హిజాబు కేసు వాదనలను దేశమంతా అట్లాగే విన్నది.

అయితే, తెరిచిన చేయే మూయగలదు. తెలుగువారమైన మనకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందుతున్న వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమని అధికారులు చెప్పారు. కోట్లమంది జీవితాలను మార్చే నిర్ణయం జరుగుతున్న గడియలోనే ఆ లోపం రావడాన్ని నమ్మినవారు తక్కువ. విభజన కావాలన్నవారూ వద్దన్నవారూ ఆ క్షణంలో ఒకే చీకటి తెరను చూశారు. తెలంగాణకు న్యాయం జరిగినదని నమ్మేవారు సైతం ఆ న్యాయం పట్టపగలు, అందరి కళ్లెదుట జరిగి ఉండవలసినదని ఒప్పుకొంటారని నా అభిప్రాయం.

రెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 20న, రాజ్యసభలో జరిగినది దీనికి పక్కన పెట్టి చూడండి. ఆనాడు ప్రసారం సాగింది. ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ సభలో ప్రకటించారు. ఆ మాట చట్టంలోకి ఎక్కలేదు. హోదా రానూ లేదు. అయినా ఆ తరువాత ఏళ్ల తరబడి, ఏ పార్టీ అయినా, ఏ విద్యార్థి సంఘమైనా హోదా అడిగిన ప్రతిసారీ నిలబడి చూపించినది ఆ ప్రకటననే. అందరూ చూస్తుండగా సభలో అన్న మాటను అనలేదని ఎవరూ బుకాయించలేకపోయారు. చీకట్లో జరిగినదానికి సాక్ష్యం లేదు, వెలుగులో అన్నదానికి ఉన్నది. అమలు సంగతి వేరే పోరాటం.

కర్ణాటక శాసనసభ కూడా ఈ విషయంలో తక్కువ తినలేదు. 2012 ఫిబ్రవరిలో సభ జరుగుతుండగా మంత్రులు సెల్‌ఫోనులో అశ్లీల దృశ్యాలు చూస్తూ టీవీ కెమెరాకు దొరికిపోయారు. ముగ్గురు మంత్రులు పదవులు వదులుకోవలసివచ్చింది. 2019 అక్టోబరు సమావేశాలకు వచ్చేసరికి ప్రైవేటు టీవీ కెమెరాలను సభలోకి రానివ్వబోమని, దూరదర్శన్ ఇచ్చే దృశ్యాలనే వాడుకోవాలని సభాపతి కాగేరి ఆదేశించారు. ఏది చూపాలో, ఎవరు మాట్లాడుతుండగా ఏ వైపు తిప్పాలో ఒక్క కెమెరాయే నిర్ణయించినప్పుడు, మనం చూసేది ఆ సభలో కొంత భాగాన్ని మాత్రమే.

ఇంతవరకు చెప్పినది కర్ణాటకలోని ఏ పౌరుడికైనా వర్తించేదే. ఇక మన సొంత గొడవ.

బెంగళూరు వార్తా ఛానళ్లలో చర్చలు కన్నడంలో జరుగుతాయి. జరగవలసినదే, ఇది కన్నడ రాష్ట్రం. మనలో చాలామందికి కన్నడం ఇంటి భాషంత దగ్గర. హైదరాబాదు ఛానళ్లలో చర్చలు తెలుగులో జరుగుతాయి. కాని వాటికి తెలుగువాడంటే రెండు రాష్ట్రాల ఓటరే. బాగేపల్లిలో తెలుగు మాధ్యమం బడికి పంతులు లేడన్నది హైదరాబాదు స్టూడియోకు వార్త కాదు. హోసూరులో తెలుగు పిల్లల చదువు సంగతి చెన్నై ఛానలుకూ పట్టదు. 2011 జనగణనలో కర్ణాటకలో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 35 లక్షల పైచిలుకు. ఇంతమంది గురించిన విధాన చర్చను ఏ రాత్రి ఏ ఛానలులో చూశామో మీరే గుర్తుచేసుకోండి. భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు పదవి 1957లో ఏర్పడింది. రాజ్యాంగంలోని 350-బి అధికరణం ప్రకారం ఆ నివేదికలు పార్లమెంటు ముందుకు రావాలి. ఆ నివేదికపై గంటసేపు చర్చ జరగగా చూసినవారు ఈ సభలో ఉంటే చేయి ఎత్తండి. (సభలో నవ్వులు.)

2024 జూన్‌లో మాత్రం ఒక దృశ్యం చూశాం. కృష్ణగిరినుండి లోక్‌సభకు ఎన్నికైన గోపీనాథ్ తెలుగులో ప్రమాణస్వీకారం చేశారు. తమిళనాడు సభ్యుడి నోట తెలుగు వినగానే అందరూ తలతిప్పి చూశారు. ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా ప్రమాణం చేయవచ్చునన్నది పాత నిబంధనే. ఆయన హోసూరు శాసనసభ్యుడిగా ఉన్నప్పుడు చెన్నై శాసనసభలోనూ తెలుగులో మాట్లాడారు. కాని ఢిల్లీలో పలికిన ఆ నాలుగు వాక్యాలు సంసద్ టీవీ పుణ్యమా అని సరిహద్దులోని ప్రతి ఊరి సెల్‌ఫోనుకూ చేరాయి. శాసనసభలలో రాజభాష, హిందీ, ఇంగ్లీషు కాక వేరొక భాషలో మాట్లాడాలంటే 210వ అధికరణం ప్రకారం సభాపతి అనుమతి కావాలి. ఆ మూడింటిలో దేనిలోనూ తన భావాన్ని సరిగా చెప్పలేనివాడికి మాత్రమే ఆ వెసులుబాటు. మన నాయకులలో ఆ అనుమతి అడిగినవారు అరుదు. అడగవలసిన అవసరం లేనంతగా కన్నడం వచ్చినవారే వారంతా. అందులో తప్పులేదు.

అవసరం ఉన్నది ఇంకొకచోట. మన పెద్దలు శాసనసభకు పోరు. వారి సభ ఊరి బయట షామియానా కింద జరుగుతుంది. క్వారీ, గని, కర్మాగారం, పారిశ్రామిక వాడ వచ్చే ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సంగతి చెబుతున్నాను. కర్ణాటకలో దానిని సార్వజనిక అహవాలు సభ అంటారు. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ ప్రకటన దీనికి నియమాలు పెట్టింది. కనీసం 30 రోజుల ముందు పత్రికలో ప్రకటించాలి. జిల్లాధికారి గాని, ఆయన తరఫున పై స్థాయి అధికారి గాని అధ్యక్షత వహించాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. సభ మొత్తాన్ని కాలుష్య నియంత్రణ మండలి వీడియో తీయించాలి. ఆ వీడియో అనుమతులిచ్చే అధికారులకు ఫైలుతోపాటు పోవాలి. జనం చెప్పిన విషయాల సారాంశాన్ని సభ చివర స్థానిక భాషలో చదివి వినిపించిన తరువాతే సంతకం చేయాలి.

టీవీలో రాని ఈ వీడియో, టీవీలో వచ్చే పది చర్చలకంటె మన బతుకులకు దగ్గరిది. ఇక్కడే ఆ రెండు మాటలు గమనించండి: స్థానిక భాష. బాగేపల్లి, శ్రీనివాసపురం, ముళబాగిలు పల్లెలలో స్థానిక భాష ఏది? కార్యాలయం లెక్కలో కన్నడం. ఇంటి లెక్కలో తెలుగు. నియమం రాసినవారు ఈ తేడాను ఊహించలేదు.

ఇట్లాంటి ఒక సభకు నేను వెళ్లాను. ఊరిపేరు, క్వారీపేరు చెప్పను. ఒక పెద్దమ్మ లేచి మైకు పట్టుకొన్నది. "అయ్యా, మా బోరు ఎండి రెండేండ్లాయ. వాళ్లు మందు పేలిస్తే పొయ్యిమీద కుండ కదులుతాది. మేకలకు యాడ నీళ్లు తాపల్ల?" అని అడిగింది. కెమెరా ఆమెవైపే తిరిగి ఉన్నది. చివర సారాంశం కన్నడంలో గబగబా చదివారు. ఆమె మాటకు మిగిలినది ఒక్క వాక్యం: ఒక మహిళ నీటి సమస్యను ప్రస్తావించారు. పేలుళ్లు లేవు, బోరు లేదు, రెండేళ్లు లేవు. అప్పటికే సగం జనం బస్సుకోసం లేచిపోయారు. రెండు భాషలూ చక్కగా వచ్చిన కుర్రవాడొకడు ముందుకు పోయి, "సార్, ఆ అమ్మ చెప్పింది ఇది కాదు" అని కన్నడంలో వివరించాడు. అధికారి మంచివాడే. కోపగించుకోలేదు. కలం తీసి మూడు వాక్యాలు చేర్చి, మళ్లీ చదివి సంతకం పెట్టాడు. కుర్రవాడు లేకపోతే? వీడియోలో ఆమె గొంతు ఉండేది. కాని ఫైలు పోయిన దారిలో ఆ తెలుగు అర్థమయ్యేవారు ఉంటారన్న నమ్మకం ఏమిటి?

భాష రాకపోవడం చిన్న విషయమని ప్రభుత్వాలు అనుకొంటాయి. న్యాయస్థానాలు అట్లా అనుకోలేదు. 2020లో ఇదే పర్యావరణ ప్రకటనకు బదులుగా కొత్త ముసాయిదా తెచ్చి అభిప్రాయాలు చెప్పమన్నారు. అది హిందీ, ఇంగ్లీషులలోనే ఉన్నది. ఎనిమిదవ షెడ్యూలు భాషలన్నింటిలోనికీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. స్థానిక భాషలలో తగిన ప్రచారం లేదని మన బెంగళూరు హైకోర్టు ఆగస్టులో తుది ప్రకటనకు అడ్డుకట్ట వేసింది. అడిగినవారి మాట అర్థం కావాలి, అడగవలసినవారికి విషయం అర్థం కావాలి అన్న సూత్రాన్ని ఆ ఆదేశాలు నిలబెట్టాయి. ఈ వాదనను ఒక్క ముసాయిదా దగ్గర ఆపవలసిన పనిలేదు. తాలూకా షామియానా దాకా తీసుకుపోవచ్చును.

ఇక్కడ ఒక మెలిక చెప్పాలి. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం వీడియో ప్రతిని అడిగి తీసుకోవచ్చును. కాని దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలోనే ఉండాలి. అంటే ఇక్కడ కన్నడం. అదే ఒక కష్టాన్ని చెప్పుకొనే విన్నపమైతే, 350వ అధికరణం ప్రకారం దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చును. కనుక విన్నపం తెలుగులో రాయండి. వీడియో అడిగే కాగితం కన్నడంలో రాయండి. ఒక తాలూకాలో గాని పురపాలక ప్రాంతంలో గాని జనాభాలో 15 శాతం మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువరించాలన్న రక్షణ కూడా మనకున్నది. అహవాలు సభ ప్రకటనకు దానిని వర్తింపజేయమని జిల్లాధికారిని అడగడానికి కన్నడ సోదరులెవరూ అభ్యంతరం చెప్పరు. మరాఠీ సీమలో తమవారికోసం వారు అడిగేదీ ఇదే కదా.

మీలో డిగ్రీ చదువుతున్న పిల్లలున్నవారిని ఒక్కటి కోరుతున్నాను. కన్నడం, తెలుగు రెండూ రాయగలిగినవారు తాలూకాకు ఇద్దరు కావాలి. పత్రికలో అహవాలు సభ ప్రకటన కనబడగానే ఆ ఊరికి పోవాలి. ఎవరు తెలుగులో ఏమన్నారో వరుసగా రాసుకోవాలి. సారాంశం చదివేదాకా కదలకుండా కూర్చోవాలి. తప్పిపోయిన మాటను మర్యాదగా చేర్పించాలి. తరువాత వీడియో ప్రతికి కన్నడంలో కాగితం పెట్టాలి. బస్సు ఖర్చుల సంగతి మేము చూసుకొంటాం. పేర్లు ఇవ్వదలచినవారు ఇప్పుడే, భోజనాలకు లేవకముందే, ఆ చివర బల్ల దగ్గర రాయించండి. కోలారు వైపు పోయేవారు తిన్న వెంటనే బస్సుకు పరుగెత్తుతారని నాకు తెలుసు.