నాటడం ఒకరోజు, సాకడం మూడు ఎండాకాలాలు

(ఆలంపూర్‌లో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసిందే. ఈసారి కార్యదర్శి గారు నన్ను వాతావరణ మార్పు గురించి, అందులో మన బాధ్యత గురించి చెప్పమన్నారు. నేను శాస్త్రవేత్తను కాను. ముప్పై ఆరేళ్ళు రెవెన్యూ ఆఫీసుల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. లావాటి ఫైలు చదివి, అందులో ఏముందో, ఏం చేయాలో నాలుగు మాటల్లో నోటు రాసి పుటప్ చేయడం నాకు తెలిసిన విద్య. ఈ విషయం మీద కూడా అలాంటి నోటే మీ ముందు పెడుతున్నాను.

ముందు అసలు విషయం. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడు పుడుతుంది. అది గాలిలో చేరి భూమి వేడిని బయటికి పోనీయకుండా దుప్పటిలా కప్పుతుంది. యంత్రాల యుగానికి ముందు పది లక్షల పాళ్ళ గాలిలో ఈ వాయువు సుమారు 280 పాళ్ళుండేది. ఇప్పుడు 420 దాటింది. ఇవాళ వదిలింది రేపటికి పోయేది కాదు. అందులో చాలా భాగం వందల ఏళ్ళు నిలిచి ఉంటుంది. బకాయిల సంగతి మనకు వేరే చెప్పాలా? ఏ ఏటి బకాయి ఆ ఏడు తీర్చకపోతే పాతదాని మీద కొత్తది పేరుకుంటుంది. ఇదీ అంతే. 2015లో పారిస్‌లో ప్రపంచ దేశాలన్నీ కూర్చొని, భూమి సగటు వేడి పాతకాలం కంటే ఒకటిన్నర డిగ్రీలకు మించి పెరగకుండా చూద్దామని ఒప్పందం చేసుకున్నాయి. 2024లో ఆ ఒక్క ఏడాది సగటు ఆ గీత దాటింది. దీర్ఘకాలపు సగటు ఇంకా దాటలేదు గానీ, దానికి దగ్గర పడుతున్నాం.

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందువల్ల ఎండ కాసినన్నాళ్ళు నేలలోని తడిని ఎక్కువగా లాగేస్తుంది, వాన వచ్చిన రోజున ఒక్కపెట్టున కుమ్మరిస్తుంది. మా పక్కింటి రైతు ఈ మధ్య ఒక మాటన్నాడు: "సారూ, ఏడాది వాన లెక్కకు సరిపోతున్నది గాని, నా చేనుకు సరిపోతలేదు." ఇంత సూటిగా నేను చెప్పలేను.

మన ఆలంపూర్ సంగతే చూడండి. 2009వ సంవత్సరం ఇక్కడ కూర్చున్న ఎవరూ మరచిపోలేరు. ఆ ఏడు దేశమంతటా రుతుపవనాలు ముఖం చాటేశాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశంలో పడవలసిన వానలో ఇరవై శాతానికి పైగా లోటు. కరువు అనుకున్నాం. సెప్టెంబరు ఆఖరున, అక్టోబరు మొదట్లో ఉత్తర కర్ణాటకలోను, కర్నూలు వైపున కుండపోత. తుంగభద్ర, కృష్ణ రెండూ ఒకేసారి పొంగాయి. 885 అడుగుల శ్రీశైలం జలాశయం నిండు మట్టం దాటి నీళ్ళు నిలిచాయి. గాంధీ జయంతి నాడు ఏటికి అవతలున్న కర్నూలు పట్టణం మునిగింది. ఇటు మన ఊరికీ, పదమూడు వందల ఏళ్ళ నవబ్రహ్మ ఆలయాలకూ వరద తప్పలేదు. కరువు ఫైలూ వరద ఫైలూ ఒకే ఏట ఒకే బల్ల మీద ఉన్నాయి. ఆ ఒక్క వరదే వాతావరణ మార్పు వల్ల వచ్చిందని నేను అనను. అటువంటి ఏళ్ళు ముందు ముందు తరచుగా వస్తాయని మాత్రం శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఊరు ఖాళీ చేయడమంటే ఏమిటో మన ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కరలేదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద ముంపు గ్రామాలను 1981లో ఖాళీ చేయించిన రోజుల్లో నేను చిన్న గుమాస్తాను. కుటుంబాల జాబితాలు మూడేసి ప్రతులు కార్బన్ కాగితం పెట్టి రాశాను. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళకు అంకెలు వేసి, విప్పి, ఆలంపూర్‌కు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. గుడినైతే తేగలిగాం. ఊరి నడుమ రచ్చబండ మీద నీడనిచ్చిన చెట్టును ఎవరూ తేలేకపోయారు. అది మళ్ళీ మొలకెత్తి అంత కావడానికి ఒక మనిషి జీవితం పడుతుంది. నేను చెప్పబోయే పనిలో తొందర ఎందుకంటే ఇందుకే.

ఇక మన మిత్రులు కొందరు అడిగే ప్రశ్న. "పొగ వదిలింది అమెరికా, ఐరోపా. మనం మొక్క నాటితే అక్కడి మోటార్లు ఆగుతాయా?" న్యాయమైన ప్రశ్నే. ఒక అమెరికా పౌరుడి వాటాకు ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడు వస్తే, మన దేశంలో మనిషి వాటా సుమారు 2 టన్నులే. పెద్ద పని పెద్దవాళ్ళే చేయాలి, ప్రభుత్వాలే చేయాలి. అడగవలసిన చోట అడుగుదాం. అయితే, ఒక్కడి వల్ల ఏమవుతుందనే మాట మాత్రం పెన్షనర్ల నోట రాకూడదని నా మనవి.

డిసెంబరు 17న ఈ దినోత్సవం ఎందుకు జరుపుకుంటున్నాం? 1982లో అదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ దయతో ఇచ్చే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్నది. ఫలానా తేదీ తర్వాత రిటైరైన వారికే పెంపు అనే గీతను కొట్టివేసింది. ఆ కేసు వేసింది ఎవరు? డి.ఎస్. నకారా అనే విశ్రాంత అధికారి, ఇంకొక పెన్షనరు, ఒక స్వచ్ఛంద సంఘం. ఇద్దరు మనుషులు, ఒక సంఘం. దాని ఫలం లక్షల మంది అనుభవిస్తున్నాం. మనిషి మొదలుపెట్టాలి, సంఘం వెనక నిలవాలి. ఈ విషయంలోనూ దారి అదే.

మొదట ఇంటి పని చెబుతాను. లెక్కలు నేనే కూడి చూసుకున్నవి, మీరూ సరిచూడండి.

పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. ఇప్పుడు వస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు, ఏడాదికి 240 రోజులు తిరిగితే ఒక్క ఫ్యాను మీద 162 యూనిట్ల ఆదా. మన దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. అంటే ఏడాదికి 110 కిలోల దాకా తగ్గించినట్టు. ఒక పెద్ద చెట్టు ఏడాదికి పీల్చుకునేది 20 కిలోల చిల్లరని సాధారణంగా లెక్క వేస్తారు. అంటే ఒక ఫ్యాను మార్చడం అయిదు చెట్ల పెట్టు. ఇది చెట్లు వద్దనడానికి చెప్పడం లేదు. పొగ తగ్గించే పని కరెంటు మీటరు దగ్గర మొదలవుతుందనీ, చెట్టు పని నీడా, చల్లదనమూ, నేల తడీ అనీ తెలుసుకోవడానికి. రెండు పద్దులూ వేరు. రెండూ కావాలి.

ఏ.సి. ఉన్నవాళ్ళు ఒక్క డిగ్రీ పెంచి పెట్టుకుంటే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుంది. సొంత డాబా ఉన్నవారికి 2024లో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకం ఉంది. మూడు కిలోవాట్ల సౌర పలకలకు 78,000 రూపాయల సబ్సిడీ. రిటైర్మెంటు సొమ్ము అంతా బ్యాంకులో పెట్టే బదులు కొంత ఇంటి మీద పెడితే అది వడ్డీకి తక్కువేమీ ఇవ్వదు. అంత స్తోమతు లేనివారు మార్చిలో డాబాకు తెల్ల సున్నం కొట్టించండి. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని ప్రకటించింది కూడా ఇటువంటి వాటి కోసమే.

నీటి లెక్క. నూట ఇరవై గజాల డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. ఏడాదికి 500 మిల్లీమీటర్లు పడినా 50,000 లీటర్లు. రాజోలిబండ కాలువ చివరి భూముల్లో నీటి కోసం ఎదురుచూసిన మన తాలూకా వాళ్ళం, నెత్తి మీద పడిన నీటిని మోరీలోకి వదలకూడదు. బోరు పక్కనే ఒక ఇంకుడుగుంత చాలు.

ఇక సంఘం పని. మొక్కలు నాటే కార్యక్రమాలు మనం చాలా చూశాం. 2015లో హరితహారం మొదలైనప్పుడు మనమూ నాటాం, ఫోటోలు దిగాం. ఆఫీసు భాషలో చెప్పాలంటే నాటడం ఇన్‌వర్డు మాత్రమే. మూడు ఎండాకాలాలు సాకి నిలబెడితేనే ఆ ఫైలు డిస్పోజల్ అయినట్టు. మధ్యలో అడిగేవాడు లేకపోతే మొక్క పోతుంది. ఆ అడిగేవాడి పని మనకంటే బాగా ఎవరు చేస్తారు? జీవితమంతా రిమైండర్లు రాసినవాళ్ళం.

మన పక్కనే దారి చూపినవారున్నారు. ఉమ్మడి నల్లగొండ జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు బ్యాంకు ఉద్యోగం వదులుకొని, తమ 70 ఎకరాల సొంత భూమిని అడవిగా పెంచారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి రామయ్య గారు జీవితమంతా విత్తనాలు చల్లి, మొక్కలు నాటి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2025లో కన్నుమూసే దాకా ఆ పని మానలేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టినప్పుడు 2018లో అటవీ శాఖవారు ఆ ముసలి చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మనకు ఎక్కిస్తున్నట్టే! వందల ఏళ్ళ ఊడలు ఈనాటికీ నిలిచి ఉన్నాయంటే, పట్టించుకున్నవాళ్ళు ఉన్నందువల్లనే.

అందుచేత మన సంఘం మూడు రిజిస్టర్లు తెరవాలని ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, మొక్కల రిజిస్టరు. వరుస నంబరు, నాటిన తేదీ, జాతి, బాధ్యుడి పేరు. ఒక్కొక్కరికి రెండు మొక్కలు చాలు. ఒకటో తారీఖున పెన్షన్ పడిందో లేదో చూసుకున్నాక, వెళ్ళి మొక్కను చూసి రిజిస్టరులో రాయాలి. అన్నీ ఒకే జాతి వద్దు. 2021లో రాష్ట్రమంతా వేపచెట్లకు ఎండుతెగులు వచ్చి కొమ్మలు మాడిపోవడం చూశాం. వేపతో పాటు కానుగ, నేరేడు, చింత, రావి కలిపి పెట్టుకుందాం.

రెండు, ఎండ రిజిస్టరు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు. వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. వడదెబ్బకు ముందు దొరికేది ముసలివాళ్ళూ, ఎండలో కూలి చేసేవాళ్ళూ. పిల్లలు హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉండి, ఒంటరిగా ఉంటున్న సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. డెబ్బై అయిదు దాటిన అటువంటివారి పేర్లు రాసుకొని, మార్చి నుంచి జూన్ దాకా రోజూ మధ్యాహ్నం ఒకరు ఫోను చేయాలి. ఎత్తకపోతే పక్కింటివారు వెళ్ళి చూడాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ, గాలి విసురుతూ 108కి ఫోను చేయాలి. తెలివి తప్పినవారి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఈ రిజిస్టరుకు ఖర్చు లేదు. ఒక ప్రాణం దక్కినా చాలు.

మూడు, నీళ్ళ రిజిస్టరు. ఊరి బావుల్లో నీటిమట్టం, పడిన వాన, నెలనెలా రాసుకోవాలి. నీళ్ళు తగ్గాయి అంటే ఎవరూ వినరు. ఫలానా నెలలో ఇన్ని అడుగులు తగ్గాయి అని కాగితం పెడితే ఏ ఆఫీసైనా జవాబు చెప్పక తప్పదు.

పెద్ద పనులు నేను అడగడం లేదు. మనకు టైముంది, నెలనెలా ఆదాయముంది, నలుగురిలో మాట చెల్లుబడి ఉంది. ఈ మూడూ కలిసి ఉన్నవాళ్ళు ఊళ్ళో మనకంటే ఎక్కువమంది లేరు. మనం నాటే చింత నీడలో మనం కూర్చోకపోవచ్చు. ఇక్కడ వెనక వరుసలో కూర్చున్న పిల్లలు కూర్చుంటారు.

ఈ ప్రతిపాదనలను సభ తీర్మానంగా ఆమోదించి మినిట్స్ పుస్తకంలో రాయించవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను. వచ్చే పెన్షనర్ల దినోత్సవం నాడు మొక్కల రిజిస్టరు ఈ వేదిక మీదే చదవాలి. బతికినవి ఎన్నో, పోయినవి ఎన్నో రెండూ చదవాలి. పోయిన వాటి చోట కొత్త నంబరు వేద్దాం.