చీరాల–పేరాల: పురపాలన మెవరి నిర్ణయము?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



సముద్రమునకు కొద్ది మైళ్ల దూరమున, మదరాసు–కలకత్తా రైలుమార్గముపైన చీరాల, పేరాల యను రెండూళ్లు ఒకదాని నొకటి యానుకొని యున్నవి. ఆనాడవి గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోనివి. తరువాత 1970లో ప్రకాశము జిల్లాకును, 2022లో బాపట్ల జిల్లాకును మారినవి. అచటిది ఇసుకనేల. కొద్దిలోతు త్రవ్వినచో నీరు పడును. దొరువులు త్రవ్వి, కడవలతో నీరు మోసి తోటలు పెంచుట ఆ తీరమున పాతకాలపు వాడుక. జనులలో నేతపనివారు పెక్కుమంది. తక్కినవారు చిల్లర వర్తకులు, కూలివాండ్రు, కొందరు భూవసతి గలవారు. 1919 నాటికి రెండూళ్ల జనసంఖ్య సుమారు 15,000 అని చరిత్రకారులు వ్రాసిరి. అంతటి చిన్న పట్టణపు పన్నుల తగవు దేశమంతట మారుమ్రోగుట యెట్లు సంభవించెనో నేటి సభలో విచారింపదగిన విషయము.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమునుగూర్చి తీర్మానము ప్రకటించిన పిదప, 1884లో మదరాసు ప్రభుత్వము స్థానిక బోర్డుల చట్టము చేసెను. దానిననుసరించి పెద్దగ్రామములు కొన్ని యూనియనులుగా నేర్పడెను. ఇండ్లపై స్వల్పమైన పన్ను వేసి, ఆ సొమ్ముతో వీధు లూడ్పించుట, దీపములు పెట్టించుట, బాటలు బాగుచేయించుట యూనియను పని. చీరాల యట్టి యూనియను. 1919లో మదరాసు ప్రభుత్వము ఈ యూళ్లను కలిపి పురపాలక సంఘముగా మార్చ నిశ్చయించెను. 1920లో ఆ మార్పు అమలులోనికి వచ్చెను. ప్రజలు వలదని అర్జీలు పెట్టుకొనిరి. అర్జీలు చేరవలసినచోటికి చేరెను గాని ఫలితము లేకపోయెను.

పురపాలక సంఘ మనునది చెడ్డవస్తువా? కాదు. కాగితముపైన జూచిన, యూనియనుకంటె అది పైమెట్టు. ఎన్నికయైన సభ్యులు, అధ్యక్షుడు, సొంత ఆదాయవ్యయ పట్టిక, మంచినీటికిని మురుగునీటికిని తగిన యేర్పాట్లు, ఇవన్నియు దానివలన కలుగదగినవే. స్వరాజ్యము కావలెనని కేకలు వేయువారే స్వపరిపాలనము ఇచ్చిన వలదనుచున్నారని ఎవరైన ఎత్తిపొడిచినచో, ఆ మాటలో పైకి కొంత న్యాయము కనబడకపోదు. చీరాల కథలోని చిక్కుముడి యిదియే. స్వయముగా పాలించుకొనుడని పైనుండి ఆజ్ఞ వచ్చెను. ఆజ్ఞకు ముందు ఆ యూరివారి సమ్మతి నడుగలేదు.

పన్ను మాటయు సామాన్యమైనది కాదు. యూనియను నాడు ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్నుల మొత్తము పురపాలక సంఘముతో సుమారు 40,000 రూపాయలకు పెరిగినదని ఆ యుద్యమ చరిత్రలు చెప్పుచున్నవి. తలకొక లెక్క కట్టిచూచిన, నాలుగణాల పైచిలుకు చెల్లించువాడు రెండు రూపాయల పదణాల పైచిలుకు చెల్లింపవలసివచ్చెను. అయిదుగురు గల నేతగాని కుటుంబమునకు అది పదుమూడు రూపాయలు. ఇల్లే కర్మశాలగా, ఇంటిలోని గుంటయే మగ్గపు స్థానముగా గలవానికి ఇంటిపన్ను వేరు, వృత్తిపై భారము వేరు అని విడదీయుట సాధ్యము గాదు. తనయింట మంచి బావి యున్నవాడు కొళాయినీటికై యేల చెల్లింపవలెనని యడుగుట సహజము. ఇసుకనేలలో బావిప్రక్కనే మరుగుదొడ్డి యుండిన కలుగు కీడు నేడు తెలిసినంత స్పష్టముగా ఆనాడు సామాన్యజనులకు తెలియదనుటయు నిజమే. ప్రభుత్వపక్షమున చెప్పదగిన మాట కొంత యుండెను. ఆ మాటను ఊరివారితో కూర్చుండి చెప్పినవారు లేకుండుటయే లోపము.

ఇంకొక విశేషమును ఇచట మరువరాదు. 1919 నాటి రాజ్యాంగ సంస్కరణలవలన స్థానిక స్వపరిపాలనశాఖ భారతీయమంత్రుల చేతికి వచ్చెను. 1920 డిసెంబరునుండి మదరాసులో ఆ శాఖను నిర్వహించినవారు పానుగంటి రామరాయనింగారు, అనగా తరువాత పానగల్లు రాజాగా ప్రసిద్ధికెక్కినవారు. ఆయన తెలుగువారు, జస్టిసుపార్టీ నాయకులలో ముఖ్యులు. 1920 ఎన్నికలను కాంగ్రెసువారు బహిష్కరించి యుండిరి. ఓటుహక్కు కొలదిమందికే యుండెను. కావున చీరాలవారిపైన ఉత్తర్వును నిలిపినది తెల్లదొర యొక్కడే యనుటకు వీలులేదు. ఎన్నికయైన శాసనసభకు బాధ్యుడైన తెలుగుమంత్రి యధీనమున నున్న శాఖయే దానిని నడపెను. ఈ సంగతి ఆ కథ చెప్పువారు తరచుగా దాటిపోవుదురు. పాలకుడు మనవాడైనంతమాత్రమున నిర్ణయము మనదగుట లేదు.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఈ తగవున నాయకత్వము వహించిరి. ఆయన 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, కొంతకాలము ఉపాధ్యాయవృత్తి చేసినవారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించిన పండితులు. అట్టివాడు నాట్యశాస్త్రము విడిచి ఊరి పన్ను తగవులోనికి దిగుట కొందరికి వింతగా తోచియుండును. ఆయన రామదండు అను స్వయంసేవకదళమును కూర్చెను. పాటతో, పద్యముతో, పరిహాసముతో జనులను కట్టిపడవేయగల నేర్పు ఆయనకు కలదు.

జనులు పన్నులు చెల్లించుట మానిరి. 1921 తొలి మాసములలో ఎన్నికయైన పురపాలక సభ్యులు రాజీనామాలు చేసిరి. అంతట ప్రభుత్వము జీతముపైన ఒక అధికారిని నియమించి సంఘమును నడపింపసాగెను. సభ్యులు లేని స్వపరిపాలనము! పన్ను చెల్లింపనివారిలో కొందరు జైలుకు పంపబడిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను.

1921 మార్చి కడపట బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగెను. దానికి వచ్చిన గాంధీమహాత్ముడు ఏప్రిల్ మొదటివారములో చీరాలకు విచ్చేసెను. ఊరివారి మొర విని రెండు మార్గములు సూచించెను. హింసకు తావీయక పన్ను నిరాకరణము సాగించుట యొకటి. పురపాలక సరిహద్దును దాటి, ఊరినే విడిచిపోవుట రెండవది. ఏది చేసినను స్వశక్తిపై నాధారపడి చేయవలెనే గాని కాంగ్రెసు ధనముపై నాశ పెట్టుకొనరాదని హెచ్చరించెను. ఊరివారు రెండవదానిని ఎన్నుకొనిరి.

ఆ వేసవిలో జరిగిన పని నేడు తలచుకొన్నను ఆశ్చర్యము గొలుపును. పదునైదువేలమందిలో సుమారు పదుమూడువేలమంది ఇల్లువాకిళ్లు విడిచి సరిహద్దు వెలుపలికి పోయిరని చెప్పుదురు. అచట తాటాకులతో, తడికలతో పాకలు వేసికొని, ఆ వసతికి రామనగరమని పేరిడిరి. ఆయా కులములనుండి ప్రతినిధులు ఏర్పడి ఒక సభగా కూడి రామనగరపు వ్యవహారములు చక్కబెట్టిరి. తగవులు తీర్చుటకు మధ్యవర్తుల న్యాయస్థానము నేర్పరచుకొనిరి.

ఆ సభవారి యెదుట నున్న ప్రశ్నలు పురపాలక సంఘపు ప్రశ్నలే. పదుమూడువేలమందికి నీరెచట? దొడ్లెచట? ఎండలో తాటాకు పాకలకు నిప్పంటుకొనకుండ చూచువారెవరు? రాత్రి కాపలా యెవరిది? కూలిలేనివానికి గంజి యెవరు పోయవలెను? వీటిలో నొకటియు పన్ను లేక, పని లేక తీరునది కాదు. ఇంటిపన్ను వలదని వచ్చినవారు తమ కష్టమును, సొమ్మును, ఒకయేటి బ్రదుకును ఆ పాకలలో పోసిరి. లెక్క కట్టిన అది పురపాలక సంఘ మడిగినదానికి ఎన్నిరెట్లో యుండును. ఆ భారమును వారు మోయగలిగిరన్న, వేయవలెనని తీర్మానించినవారు తామే యగుటచేత. కులమునకొక ప్రతినిధిని పెట్టుటలో నేటివారికి లోపము కనబడవచ్చును. స్త్రీల కందులో స్థానమెంతయో విచారింపవచ్చును. అయినను తలుపు మూసికొని చేసిన నిర్ణయములు కావవి.

గుంటమగ్గము గలవాడు ఇల్లు విడుచుట రైతు పొలము విడుచుటవంటిది. పాకలో గుంట త్రవ్వవచ్చును గాని, వాన కురిసిన ఇసుకనేలలో ఆ గుంట నిలుచునా? పడుగు తడిసిన నేత సాగదు. నేత సాగనిచో ఆవారము తిండి లేదు. వేసవి గడచి వానలు వచ్చిన పిదప రామనగరపు కష్టము ఎట్టిదో నేతవాడలు గల యూరివారికి చెప్పనక్కరలేదు.

సొమ్ము కూర్చుటకై గోపాలకృష్ణయ్యగారు ఊరూర తిరిగిరి. నాడు మదరాసు రాజధానిలోనిదైన గంజాము జిల్లా బరంపురమున, ఉపన్యసింపరాదను నిషేధాజ్ఞను ధిక్కరించినందుకు ఆయనకు 1921లో ఒకయేడు కారాగారశిక్ష పడెను. నాయకుడు జైలులో, చేతిలో సొమ్ము లేదు, పాకలు చివికిపోవుచుండెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన పిమ్మట మహాత్ముడు సహాయనిరాకరణము నాపివేసెను. దాదాపు 11 నెలలు వెలుపల గడపిన జనులు తిరిగి తమ యిండ్లకు వచ్చిరి, పన్నులు కట్టిరి. గోపాలకృష్ణయ్యగారు 1928లో, నలువదేండ్లైనను నిండకుండ, మరణించిరి.

ఓటమి యనక తప్పదు. దానిని విజయమని చెప్పి జయంతుల నాడు చప్పట్లు కొట్టుట ఆనాడు వానలో తడిసినవారికి మర్యాద కాదు. ఊరు విడిచిపోవుట ఆత్మగౌరవమునకు నిదర్శనమే గాని, నిర్ణయము జరుగు గదిని అధికారికి విడిచిపెట్టుటయు నగును. సభ్యులు రాజీనామా చేసిన మరునాటినుండి పన్నుపట్టీని ప్రశ్నించువాడు లోపల లేకపోయెను. లోపల కూర్చుండి పోరాడినచో పన్ను సగమైనను తగ్గెడిదా? చెప్పజాలము. బయట నిలిచినవారి త్యాగము లోపలివారి చెవికి సోకలేదన్నది మాత్రము జరిగిన సంగతి.

వందయేండ్లు గడచెను. 1992లో రాజ్యాంగమునకు చేసిన రెండు సవరణలు 1993లో అమలులోనికి వచ్చినవి: గ్రామములకు 73వది, పట్టణములకు 74వది. గ్రామమున వోటరులందరు కూడిన గ్రామసభకు రాజ్యాంగములోనే స్థానము లభించెను. పట్టణమున అట్టి సభ లేదు. వార్డు కమిటీలు తప్పనిసరి యనునది 3 లక్షలు, అంతకు మించిన జనసంఖ్య గల పురములకే. చీరాలవంటి పట్టణము ఆ లెక్కకు చాల దిగువ. కావున రాజ్యాంగపు హామీవరకు చూచిన, గ్రామస్థుడు సభలో లేచి నేరుగ నడుగవచ్చును. చిన్నపట్టణపు పౌరుడు తన కౌన్సిలరు ద్వారమున నిలువవలెను. గ్రామములను పట్టణములలో కలుపుదురన్న మాట వినవచ్చినప్పుడెల్ల గ్రామస్థులు కలత చెందుట పన్ను పెరుగునను భయమువలననే యనుకొనరాదు. అడుగుటకు గల చోటును కోల్పోవుదుమను శంకయు అందులో కలదు. ఆ శంక సకారణమైనది.

2020లో ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టములు సవరింపబడి, పట్టణములలో ఇంటిపన్నును అద్దె విలువనుబట్టి గాక ఆస్తి మూలధనపు విలువనుబట్టి కట్టు పద్ధతి యేర్పడెను. చీరాల సంఘ మేర్పడిన 1920కి సరిగా నూరేండ్లకు! ఆ పద్ధతి మంచిచెడ్డలు వేరుగ విచారింపదగినవి. ఇచట గమనింపవలసినది, ముసాయిదా ప్రకటనలు వెలువడి ఆక్షేపణలు కోరబడుట. 1919 నాటి అర్జీకిని దీనికిని భేదము కలదు. ఇది చట్టమిచ్చిన గడువు. కాని ప్రకటన కార్యాలయపు పలకపై నంటింపబడి, ఎండకు వెలిసి, గడువు తీరినపిదప ఎవరికో కనబడిన, చట్టమిచ్చినది చేతికి రానట్లే.

గ్రంథాలయమునకు ఈ విషయముతో గల సంబంధము స్పష్టము. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయముల చట్టమువలన పంచాయతీలును పురపాలక సంఘములును ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు సెస్సు వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలసి యున్నది. ఈ సభలోని ప్రతి గృహస్థుడును ఆ సెస్సును చెల్లించువాడే. పన్ను రసీదులో ఆ గడిని చదివినవారెందరో! వసూలైనదెంత, జమయైనదెంత అని గ్రామసభలో ఒకసారి యడిగినచో సమాధానము చెప్పక తీరదు. పంచాయతీవారి ఆదాయవ్యయ పట్టిక, పన్నుల ప్రకటన, గ్రామసభ తేదీ, ఈ మూడు కాగితములును దినపత్రికల ప్రక్కనే గ్రంథాలయపు బల్లపై నుంచుటకు అదనపు ఖర్చేమియు లేదు. చదువరానివారికి సాయంకాలము చదివి వినిపించువా రొకరుండిన చాలును.

చీరాలకు కొద్ది మైళ్ల దూరమున వేటపాలెమున సారస్వత నికేతన మను గ్రంథాలయము 1918లో స్థాపింపబడెను. రామనగరపు పాకలకంటె మూడేండ్లు పెద్దది. పాత పత్రికలు భద్రపరచుటలో దానికి గొప్పపేరు. ఆ కాలపు పత్రికలను చదువగోరు యువకులు రెండుదినముల తీరిక చేసికొని అచటికి పోయి రావచ్చును.