ఫ్రెంచి టార్టు – మన చేతి గుల్ల

ఫ్రెంచి వారి టార్టు అనగానే అది పెద్ద హోటళ్లలోని నిపుణులకే సాధ్యమైన వంటకమని మనలో చాలమంది భావిస్తారు. నిజానికి దాని నిర్మాణం చాల సరళమైనది. అంచు గల పలుచని పిండిపళ్లెం ఒకటి, దానిలో పండ్లో, పాలతో చేసిన మీగడ వంటి పదార్థమో, నిమ్మరసపు ముద్దో నింపడం, అంతే. పైన మూత ఉండదు. దాచుకోవడానికి చోటు లేని వంటకం కాబట్టి, చేసినవారి శ్రద్ధ, అశ్రద్ధ రెండూ చూడగానే తెలుస్తాయి.

సికింద్రాబాదు చరిత్రలో ఫ్రెంచి వారికీ, ఆంగ్లేయులకూ జరిగిన పోటీ శ్రోతలు ఎరిగినదే. నిజాం కొలువులో సైన్యాన్ని తీర్చిదిద్దిన ఫ్రెంచి సేనాని రేమాండ్ 1798లో మరణించాడు. ఆ యేడే నిజాం ఆంగ్లేయులతో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి దళం రద్దయింది. తరువాత 1806లో సికందర్‌ జా పేరు మీద సికింద్రాబాదు వెలసింది. తిరుమలగిరిలో బ్యారకులు లేచాయి. తెల్ల సిపాయికి పూటపూటకూ రొట్టె కావలె. రొట్టెకు భట్టీ కావలె. ఆ విధంగా కంటోన్మెంటు బజారులకు బేకరీ విద్య అలవడింది. నేడు జంటనగరాల బేకరీలలో మనం కొనే ఖారీ, పఫ్ మొదలైన వాటి పొరల పిండి, ఫ్రెంచి వారు పాత్ ఫ్యుయితే అని పిలిచే పిండి కుటుంబానికి చెందినదే. నోట వేసుకోగానే కరిగిపోయే ఉస్మానియా బిస్కత్తు కూడ వారి ఇసుక పిండికి, అనగా పాత్ సాబ్లేకు, దూరపు బంధువు వంటిది. కాబట్టి టార్టు మనకు బొత్తిగా పరాయిది కాదు.

అంతకంటె దగ్గరి బంధుత్వం మన వంటింట్లోనే ఉన్నది. కజ్జికాయలకు పిండి కలిపేటప్పుడు పెద్దవారు ఏమి చేస్తారు? పిండిలో నెయ్యి పోసి, రెండు చేతులతో రుద్ది, పిడికిట పట్టి చూస్తారు. ముద్ద నిలిస్తే నెయ్యి చాలినదని అర్థం. ఆ పిమ్మటనే నీరు చిలకరిస్తారు. ఎందుకు? మైదాలో తడి తగలగానే జిగురు సాగే గుణం ఒకటి ఉన్నది. నెయ్యి ముందుగా పిండి రేణువులను కప్పివేస్తే నీరు వాటిని సులభంగా అంటదు. జిగురు తక్కువగా పుడుతుంది. కజ్జికాయ గుల్లగా వస్తుంది. టార్టు పిండి రహస్యం కూడ ఇదే. ఫ్రెంచి పదాలు నేర్వక పూర్వమే గుల్ల అనే మాట అర్థమైన చేతికి సగం విద్య వచ్చినట్లే.

భేదం ఒక్కటి. మనం నెయ్యిని వేడిగా పోస్తాము. వారు వెన్నను చల్లగా, గట్టిగా వాడతారు. నేతిలో నీరు ఇంచుమించు ఉండదు. వెన్నలో నూటికి సుమారు 16 వంతులు నీరు ఉంటుంది. వెన్న కరిగితే ఆ నీరు పిండికి తగిలి జిగురు సాగుతుంది. పళ్లెం కాలేటప్పుడు అంచులు కుంచించుకొని జారిపోతాయి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. సికింద్రాబాదులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం వింత కాదు. అందుచేత పారిస్ పుస్తకంలో పది నిమిషాలు పిండి పిసకమని ఉంటే, అది మన వేసవికి వ్రాసినది కాదని గ్రహించవలె. ఇక్కడ పని తెల్లవారుజామున చేయవలె. మైదాను, గిన్నెను కూడ ముందు రాత్రి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. అరచేయి వెచ్చన, వేళ్ల కొసలు చల్లన. కాబట్టి కొసలతోనే రుద్దవలె.

కొలతలు చెబుతాను. మైదా 200 గ్రాములు, ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, పొడి చేసిన చక్కెర 50 గ్రాములు, చిటికెడు ఉప్పు, ఒక గ్రుడ్డు పచ్చసొన, రెండు మూడు చెంచాల మంచునీరు. దీనిని పాత్ సుక్రే అంటారు. గ్రుడ్డు వాడని ఇండ్లలో పచ్చసొన మాని, నీటిని మరికొంచెం చిలకరించినా పళ్లెం చక్కగానే వస్తుంది. వెన్నను మైదాలో రుద్ది, రవ్వ వలె అయిన పిమ్మట మిగిలినవి చేర్చి, పిసకకుండ కూడదీయవలె. బిళ్లగా అదిమి అరగంటకు తక్కువ కాకుండ ఫ్రిజ్‌లో ఉంచవలె. పిమ్మట అప్పడాల కర్రతో వత్తి, 22 సెంటీమీటర్ల పళ్లెంలో పరచి, మరల చల్లబరచవలె. ఈ విరామాలు సోమరితనం కాదు. సాగిన జిగురు సడలడానికి అవి అవసరం.

తరువాత నింపకుండ కాల్చడం. పిండి మీద కాగితం పరచి, దాని మీద ఎండు శనగలో రాజ్మాయో పోసి, 180 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు ఉంచవలె. ఆ బరువుకు అడుగు పొంగదు, అంచు జారదు. గింజలు తీసివేసి మరి పది నిమిషాలు, బంగారు వన్నె వచ్చేవరకు కాల్చవలె. ఇది మానినవారి టార్టు పైన అందంగానూ, అడుగున పచ్చిగానూ ఉంటుంది.

నింపడానికి ఫ్రెంచి వారి క్రెమ్ పాతిస్సియేర్ మొదట నేర్వదగినది. అర లీటరు పాలు, నాలుగు పచ్చసొనలు, 100 గ్రాముల చక్కెర, 40 గ్రాముల మొక్కజొన్న పిండి. ముద్ద చిక్కబడగానే దించివేయరాదు. బుడగలు వచ్చిన తరువాత కూడ కలుపుతూ ఒక నిమిషం ఉడికించవలె. పచ్చసొనలో పిండిపదార్థాన్ని కరిగించే గుణం ఒకటి ఉన్నది. అది ఉడుకుతో నశించకపోతే కొన్ని గంటలలో ముద్ద నీరు కారుతుంది. దీనిపై వేసవిలో బంగినపల్లి మామిడి ముక్కలు, ద్రాక్షకాలంలో హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ పండ్లు పేర్చితే, స్ట్రాబెర్రీ కొరకు వెతకనక్కరలేదు.

తలక్రిందుల టార్టు ఒకటి ప్రసిద్ధమైనది. ఫ్రాన్సులో లామోత్-బ్యూవ్రోన్ అనే ఊళ్లో హోటలు నడిపిన తాతాన్ అక్కచెల్లెళ్ల పేరు దానికి వచ్చింది. హడావుడిలో పండ్లు మాడబోతే పైన పిండి కప్పి కాల్చారని ఒక కథ చెబుతారు. అటువంటి టార్టులు ఆ ప్రాంతంలో అంతకు పూర్వమే ఉన్నాయి. దానికి కావలసినది పాకం మీద చూపు. లేతపాకం, ముదురుపాకం ఎరిగిన మన గృహిణులకు చక్కెర తేనెరంగు దాటి ఎర్రబడే క్షణం పట్టుకోవడం కష్టం కాదు. ఆపిలుకు బదులు అనాసతోనూ ఇది చేయవచ్చు.

ఇక ముఖ్యమైన మాట. తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్ ప్రాంతాలలో ఇంటి వద్దనే కేకులు చేసి అమ్మి, సంసారానికి చేయూతనిచ్చే స్త్రీలు ఉన్నారు. వారికి టార్టు మంచి ఆదాయమార్గం కాగలదు, ప్రమాదమూ కాగలదు. పాలూ గ్రుడ్డూ చేరిన మీగడ ముద్ద 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటసేపు బయట ఉంటే తినతగినది కాదు. కనుక పళ్లెమూ, మీగడా విడివిడిగా ఉంచి, ఇచ్చే ముందే కూర్చవలె. ఆహార భద్రతా శాఖ వద్ద పేరు నమోదు చేసుకొనవలె. వెన్న ఖరీదని వనస్పతి వాడితే వాడవచ్చు. కాని వెన్న అని చెప్పి అమ్మరాదు. నాలుక ఒకసారి మోసపోవచ్చు గాని, నమ్మకం పోతే తిరిగి రాదు.

మొదట పళ్లెం మాత్రమే నాలుగైదు సార్లు చేసి చూడండి. చిన్న పళ్లేలలో చేస్తే నష్టం తక్కువ. జారిన అంచులు పిల్లలకు బిస్కత్తులుగా పనికివస్తాయి. చేతికి గుల్ల తెలిసిన పిమ్మట నిమ్మరసం, ఆ తరువాత పండ్లు, చివరకు తాతాన్ టార్టు. ఈ వరుస తప్పకుండ సాగితే, కజ్జికాయ చేసిన చేయి టార్టుకు వెనుదీయదు.