మరల వ్రాయవలెనా?

(హౌరాలో సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగము)



కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంఘమగు మీరు, రాష్ట్ర సచివాలయమున పనిచేయు నన్ను మీలో నొకనిగా భావించి పిలిచినందులకు కృతజ్ఞుడను. సాహిత్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. కాని యీ వేసవిలో మన తెలుగువారి యే యింటికి పోయినను వినవచ్చు మాట సాహిత్యము కాదు, ర్యాంకు. అందుచేత వారి యనుమతితో విషయమును మార్చుకొంటిని. నేను చరిత్ర చదివి పట్టభద్రుడనైనవాడను. గణితమును గూర్చి చెప్పు నర్హత నాకు లేదు. ఒక తండ్రిగా చేయబోయిన పొరపాటును మీ ముందుంచుటయే నా యుద్దేశము.

ప్రవేశపరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడు ఏమి చేయవలెనో ఇరుగుపొరుగువారు సైతము చెప్పగలరు. చిక్కంతయు బాగుగా వ్రాసినవానితోనే. “ఇంత వచ్చినది గదా, మరికొంత రాదా?” అను ఆశ అచ్చటనే పుట్టును.

మరల వ్రాయుట రెండు విధములు. ఈ రెండింటిని కలిపి చూచుటచేతనే పెక్కు ఇండ్లలో కలత కలుగుచున్నది. 2019వ సంవత్సరమునుండి జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను సాధారణముగా జనవరిలో నొకమారు, ఏప్రిల్‌లో నొకమారు జరుపుచున్నారు. రెండుమార్లు వ్రాసినవారికి మెరుగైన ఫలితమునే లెక్కింతురు. కనుక జనవరిలో బాగుగా వచ్చినను ఏప్రిల్‌లో వ్రాయుటవలన ర్యాంకునకు నష్టము లేదు. అయితే నడుమ పన్నెండవ తరగతి పరీక్ష లుండును. సాధారణ వర్గమువారికి వానిలో 75 శాతము మార్కులుగాని, తమ బోర్డులో మొదటి 20 పర్సెంటైల్‌లో స్థానముగాని లేనిచో ఎన్.ఐ.టి.లలో ప్రవేశము దొరకదు. ఒక పరీక్షను మెరుగుపరచుకొనబోయి మరియొకదానిని పాడుచేసికొనరాదు.

పర్సెంటైల్ అనగా మార్కుల శాతము కాదు. పది లక్షలమంది వ్రాసిరనుకొందము. 99 వచ్చినవానికి ముందు పదివేలమంది యుందురు, 99.5 వచ్చినవానికి ముందు ఐదువేలమంది. అర అంకెతో ముందున్నవారు సగమగుదురు! ఆశపెట్టునది ఈ లెక్కయే.

రెండవ విధము, ఒక సంవత్సరమును విడిచి మరల వ్రాయుట. దీనినే పిల్లలు డ్రాప్ తీసికొనుట యందురు. ఇది చిన్న విషయము కాదు. ఐ.ఐ.టి.లకు ద్వారమైన అడ్వాన్స్‌డ్ పరీక్షను వరుసగా రెండు సంవత్సరములలో రెండుమార్లు మాత్రమే వ్రాయవచ్చును.

ఇక నా సంగతి. మా తండ్రిగారు ఖరగపూరు రైల్వే కర్మాగారమున పనిచేసిరి. దేశమునందలి మొదటి ఐ.ఐ.టి. 1951లో అచ్చటనే, హిజ్లీ నిర్బంధ శిబిరపు పాత భవనమున ఆరంభమైనది. దాని ద్వారమును చూచుచు పెరిగితిని గాని, లోనికి పోవు యోగ్యత నాకు లేకపోయెను. మా పెద్దమ్మాయికి జనవరిలో 99కి పైబడి వచ్చినది. ఏప్రిల్‌లో మరల వ్రాయించితిని; కొంత తగ్గినది. మేలైనదే నిలిచినది గనుక చింత లేకపోయెను. అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వచ్చినది గాని, ఆమె కోరిన ఎలక్ట్రానిక్స్ శాఖ ఖరగపూరులో అందలేదు. మన శిబ్‌పూర్ ఇంజనీరింగు సంస్థలో, స్వరాష్ట్ర విద్యార్థులకు కేటాయించిన సగము సీట్లలో, అదే శాఖ దొరకినది.

నాకు తృప్తి కలుగలేదు. “ఒక సంవత్సరము హైదరాబాదులో మీ మేనమామ యింట నుండి శిక్షణ పొందుము. ఖరగపూరు రాకున్నను, తెలుగుదేశమున చదివితివి గనుక వరంగల్లులో స్థానికురాలి వగుదువు” అంటిని. పిదప నిబంధనలు తెరచి చూడగా, పన్నెండవ తరగతి మొదటిసారి ఏ రాష్ట్రమున ఉత్తీర్ణులైరో అదియే స్వరాష్ట్రమని యున్నది. ఒక యేడు హైదరాబాదులో నున్నంత మాత్రమున అది మారదు. దినమంతయు నిబంధనలు చదువుటయే వృత్తిగాగల నేను ఇంటికి కావలసిన నిబంధనను చదువనైతిని!

అప్పుడు మా అమ్మాయి అడిగినది: “నాన్నగారూ, వచ్చే యేడును ఇదే ర్యాంకు వచ్చినచో, ఈ సంవత్సరము వృథా కాలేదని మీ రనగలరా?” ఆ రాత్రి నేను సమాధానము చెప్పలేకపోతిని. ఖరగపూరు ద్వారమును దాటగోరినది ఆమె కాదు, నేనని అప్పుడు తెలిసినది. ఆమె శిబ్‌పూర్‌లో చేరినది.

డ్రాప్ ఎన్నడును కూడదని నేను చెప్పను. పరీక్షనాడు జ్వరమున పడినవాడు, ఒక విషయమును ఆలస్యముగా ఆరంభించినవాడు, తన లోపమిదియని వ్రేలు పెట్టి చూపగలవాడు మరల వ్రాయుటలో న్యాయము కలదు. కారణము తెలిసిన లోపమును సవరింపవచ్చును. కారణము తెలియని యాశకు సంవత్సరమును ధారపోయరాదు. అతని కోరిక అతనిదై యుండవలెను. ఫలితము మారకున్నను నిందింపమని తల్లిదండ్రులు ముందే చెప్పగలిగి యుండవలెను.

చేతనున్న సీటును విడుచునపుడు మరింత జాగ్రత్త వలయును. ఐ.ఐ.టి.లో ఒకమారు చేరినవారు అడ్వాన్స్‌డ్ మరల వ్రాయుట కర్హులు కారు. ఇతర సంస్థలలో చేరినవారికి ఆ నిషేధము లేదు. 2024 నవంబరు 5న, ఆ పరీక్షను మూడుమార్లు వ్రాయవచ్చునని ప్రకటన వెలువడెను. అదే నెల 18న దానిని రద్దుచేసిరి. ఆ నడుమ ప్రకటనను నమ్మి, చేరిన చదువులు మానినవారు సుప్రీంకోర్టు నాశ్రయింపవలసి వచ్చెను. 2025 జనవరిలో న్యాయస్థానము అట్టివారికి అవకాశ మిచ్చినది. కాని పదునెనిమిదేండ్ల పిల్లలకు ఆ రెండు నెలల యాందోళన మేలకు?

కడపట ఒక్క మాట. శిబ్‌పూర్ కళాశాల 1856లో కలకత్తా రైటర్స్ భవనమున పుట్టి, 1880లో గంగ దాటి ఇచ్చటికి వచ్చినది. మా సచివాలయమును 2013లో అదే భవనమునుండి అదే శిబ్‌పూర్‌కు తరలివచ్చినది. సాయంకాలము కార్యాలయమునుండి వెడలునపుడు నాకు ఖరగపూరు ద్వారము జ్ఞప్తికి వచ్చుచునే యుండును, అబద్ధమాడను. కాని యింటికి చేరగానే మా అమ్మాయి ఆనాటి పాఠమును ఉత్సాహముతో చెప్పుచుండును. నాకు సగము తెలియదు. అయినను వినుచుందును. మీ పిల్లల ర్యాంకు చూచిన నాడు, నిర్ణయమునకు ముందు, మీరును వారి మాట వినుడని నా మనవి.