సాంచా ఆగినట్టు

 శాతవాహన విశ్వవిద్యాలయం పట్టాలు అందుకుంటున్న మీలో కామర్స్ వాళ్లు కాసేపు ఓపిక పట్టాలె, చెప్పేది జీవశాస్త్రం.

మాది సిరిసిల్ల. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను లాగే పోగులను జీవశాస్త్రం పుస్తకంలో ‘కండె తంతువులు’ అని చదివిన రోజు నవ్వొచ్చింది. మా అమ్మ పొద్దంతా రాట్నం మీద చుట్టేవి కండెలే మరి. నాడెలో దూర్చే చిన్న పుల్ల, దాని నిండా పేకనూలు.

కణంలో అట్లా చుట్టిపెట్టిన నూలుండదు. విభజన రాగానే కణం తన పాత చట్రాన్ని చాలావరకు విప్పుకొని, అందులోని ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ ముక్కలతోనే కొత్త పోగులు కట్టుకుంటుంది. పోగు పెరుగుతుంది, ఉన్నట్టుండి కూలుతుంది, మళ్లీ లేస్తుంది. 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. క్రోమోజోమ్ ఎక్కడుందో పోగుకేం తెలుసు? చీకట్లో అగ్గిపెట్టె కోసం తడిమినట్టు తడుముతుంది. దొరికితే నిలబడుతుంది.

మనిషి కణంలో క్రోమోజోములు 46. నలభై అయిదు కుదురుకున్నా, ఒక్కదానికి పోగు అందకపోతే అన్నీ ఆగాల్సిందే. పోగు తెగితే మా నాయిన సాంచా, అంటే మరమగ్గం, ఆపి ముడేసేవాడు. కణంలో ఆపే మేస్త్రీ ఎవరూ లేరు. పోగందని ఆ క్రోమోజోమే ‘ఆగండి’ అని సంకేతం పంపుతుంది. వెనకబడ్డవాడి మాట ఇంతగా చెల్లే చోటు నేను మరొకటి చూడలేదు.

ప్రాక్టికల్స్‌లో ఉల్లివేరు కొన మీద కవర్‌స్లిప్ పెట్టి బొటనవేలితో నొక్కారు కదా, కాస్త జరిగితే స్లైడు పాడే. ఎసిటోకార్మిన్ ఎరుపులో క్రోమోజోములు కనబడ్డాయి గానీ పోగులు కనబడలేదు. అయినా రికార్డులో గీసేశారు. నేనూ గీశాను. జంతుకణాల్లో పోగులకు మొదలుగా ఉండే సెంట్రోసోములు ఉల్లికి లేనే లేవు. ఉల్లిలో ఆ పోగులు, అంటే సూక్ష్మనాళికలు, కేంద్రకం చుట్టూ పుట్టి, మోటారు ప్రొటీన్లు లాగుతుంటే రెండు కొసలుగా సర్దుకుంటాయి.

ఇంటిముందు బిళ్లగన్నేరు ఉంటుంది చూడండి. దాని నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందు ట్యూబ్యులిన్‌ను పట్టుకొని కండె కట్టనివ్వదు. రక్తకాన్సర్ వచ్చిన పిల్లలకు ఇస్తారు. నాడుల్లోనూ అవే నాళికలు, అందుకే కొందరికి వేళ్లు తిమ్మిరెక్కి చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టమవుతుంది. కాన్సర్ కణంలో కండె ఆగాలె, గుండీ పెట్టుకునే వేలికి ఏమీ కావద్దు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. మీలో ల్యాబులకు పోయేవాళ్లుంటే అక్కడ కుర్చీ ఖాళీగానే ఉంది.