దెబ్బ తగిలిన పన్ను

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఆటలో పడిన బాలుని మోకాలి గాయము పది దినములలో మానును. పంటి గాయము అట్టిది కాదు. దానిని గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

ఏడెనిమిదేండ్ల ప్రాయమున వచ్చు ముందుపండ్లు శాశ్వతదంతములు. పోయిన మరల రావు. పన్ను పైకి కనబడిన పిదప దాని వేరు పూర్తియగుటకు మరి సుమారు 3 సంవత్సరములు పట్టును. ఈ నడుమ తగిలిన దెబ్బచే పంటిలోని జీవభాగము చచ్చినచో వేరు పెరుగుట నిలిచి, దాని గోడలు పలుచగా ఉండిపోవును.

ఇట్టి పండ్లకు కాల్షియం హైడ్రాక్సైడు నింపి చికిత్స చేసి, స్వీడను దేశపు దంతవైద్యుడు స్వెక్ వాని గతిని 1992లో ప్రకటించెను. చికిత్స జరిగిన 4 సంవత్సరములలో, వేరు మిక్కిలి కొరతగా ఉన్న పండ్లలో నూటికి 77 మెడవద్ద విరిగినవి. వేరు చాలవరకు పెరిగినవానిలో 28 మాత్రమే. తరువాత మేలైన మందులు వచ్చినవి. 2001లో జపానునందు వేరు మరల పెరుగునట్లు చేసిన చికిత్సయు ప్రకటింపబడెను. అయినను అన్ని పండ్లలో అది ఫలించుట లేదు. కావున చికిత్స ముగిసిన దినమే పని ముగిసినదని తలపరాదు.

మన పావగడ తాలూకాలో భూగర్భజలమునందు ఫ్లోరైడు అధికము. మచ్చల పండ్లు మనకు వింత కాదు. అందుచే దెబ్బ తిన్న పన్ను నల్లబడినను నీటి మచ్చయే యని ఊరకుందురు. నీటి మచ్చ సాధారణముగా ఇరువైపుల జంటపండ్లపై కనబడును. ఒక్క పన్నే రంగు మారినచో వైద్యునికి చూపవలెను.

ఊడిన పాలపన్నును ఇంటికప్పుపైకి విసరుదుము. శాశ్వతదంతమును మాత్రము పారవేయకుడు. వేరు ముట్టక, పైభాగమున పట్టుకొని, మట్టియున్న క్షణకాలము కడిగి, వెంటనే దాని గుంటలో నిలుపవలెను. వీలు కాకున్న పాలలో వేసి, గంటలోపల సమీపపు దంతవైద్యుని చేరవలెను. తుమకూరు దూరము, అచ్చటికి పోయినప్పుడు చూతమన్నచో పన్ను దక్కదు.

మొదటి యేట పలుమారులు, పిదప ఏటేట 5 సంవత్సరములు పరీక్ష చేయింపవలెను. దెబ్బ తగిలిన తేదీని, చేసిన చికిత్సను ఒక కాగితమున వ్రాసి ఉంచుడు. కూలికై బెంగళూరికి వలసపోయినను దానిని వెంట తీసికొనిపొండు. క్రొత్త వైద్యునికి అదియే ఆధారము.

బిడ్డ నవ్వు పదికాలములు నిలుచుట మీ ఓపికపై ఆధారపడియున్నది. సెలవు.