ఇండ్ల ధరలు: పడినవి మరల లేచునా?
(అనుమసముద్రంపేటలో పఠనాలయ సభ్యుల యెదుట చేసిన యుపన్యాసము)



ఇండ్ల ధరలు, నివేశన స్థలముల ధరలు పడినప్పుడెల్ల నలుగురు కూడినచోట నొకే ప్రశ్న వినవచ్చును: "మరల నెప్పుడు లేచును?" ఇది ధనికుల వినోద ప్రసంగము కాదు. మన ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములందు చిన్న యుద్యోగియు, చిల్లర వర్తకుడును, దూరదేశమున చెమటోడ్చి సొమ్ము పంపు కుమారుడును తమ యావజ్జీవిత సంపాదనమును కొన్ని అంకణముల నేలమీదనే పెట్టుచున్నారు. ఆ లెక్క తప్పినచో కుమార్తె వివాహము నిలిచిపోవును. కుమారుని చదువు ఆగిపోవును. కావున ప్రశ్నకు బదులు శాస్త్రీయముగ వెదకవలసియున్నది.

మొట్టమొదట ధర యననేమి? అమ్మువాడు చెప్పునది ధర కాదు. కొనువాడు చెల్లించినదే ధర. బజారు మందగించినప్పుడు ముందుగా తగ్గునది ధర కాదు, బేరముల సంఖ్య. "నేను కొన్న ధరకు దక్కువ అమ్మను" అని యజమాని పట్టుబట్టును, కొనువాడు రాడు. ఇట్లు రెండు మూడేండ్లు గడచును. అప్పు వడ్డీ మీదపడిన యజమాని యొకడు తగ్గించి అమ్మగనే చుట్టుపట్ల ధరలన్నియు దిగును. కోలుకొనుటయు నీ క్రమముననే జరుగును: ముందు బేరములు పెరుగును, పిమ్మట ధర పెరుగును. అందువలన భవిష్యత్తు నెఱుగగోరువాడు మధ్యవర్తి మాటను గాక, సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున నెలకెన్ని దస్తావేజులు నమోదగుచున్నవో చూడవలెను. స్టాంపు సుంకమునకు వెఱచి పత్రములందు ధర తగ్గించి వ్రాయువారు కలరు; కాని పత్రముల సంఖ్యను తగ్గించి చూపుట యెవరి తరమును గాదు.

రెండవది, ధర యేల పడినదో తెలియక యెప్పుడు లేచునో చెప్పరాదు. హైదరాబాదు సంగతి చూడుడు. 2008 సెప్టెంబరులో అమెరికాలోని లేమన్ బ్రదర్స్ కూలెను. 2009 జనవరిలో సత్యం కంపెనీ లెక్కల మోసము బయటపడెను. ఆ యేడాది చివర రాష్ట్ర విభజన విషయమై సంశయము మొదలయ్యెను. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2007వ సంవత్సరపు ధరను 100గా నెంచి లెక్కించిన సూచికలో హైదరాబాదు పెక్కేండ్లు నూటికి దిగువనే యుండెను. అయినను అక్కడి యుద్యోగములు నగరము విడిచిపోలేదు. 2014లో విభజన ముగిసి సంశయము తొలగిన పిమ్మట ధరలు మరల పుంజుకొనెను. పునాది నిలిచియున్న చోట ధర తిరిగి లేచినది.

అమరావతి కథ వేఱు. అక్కడ రైతులు 33,000 యెకరములకు పైగా భూమిని సమీకరణకిచ్చిరి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగెను. నాటి ధర నిలిచినది జీతముల మీదను గాదు, అద్దెల మీదను గాదు. రాజధాని వచ్చునను నమ్మకము మీద. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వెలువడగనే కొనువారు మాయమైరి. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వ మార్పు, 2025 మే 2న పనుల పునఃప్రారంభము, ఒక్కొక్కటియు ఆశను చిగురింపజేసెను. ప్రకటనతో లేచిన ధర ప్రకటనతోనే పడగలదని దీనివలన తెలియుచున్నది.

"ఎప్పటికైనను భూమి ధర పెరుగక మానదు" అని మనవారందురు. జపానులో 1991 ప్రాంతమున శిఖరమెక్కిన భూముల ధరలు దశాబ్దమునకు పైగా దిగుచునే యుండెను. అమెరికాలో 2006లో మొదలైన పతనము 2012 వఱకు సాగి, నాలుగవ వంతుకు పైగా విలువ హరించెను; పాత ధర తిరిగి చేరుటకు సుమారు పదేండ్లు పట్టెను.

ఇచట నొక చిన్న లెక్క. నూరు రూపాయల ధర నలువది తగ్గి అరువదియైనచో, మరల నూరగుటకు నలువది వంతులు పెరిగిన చాలదు. నూటికి సుమారు 67 వంతులు పెరుగవలెను. అదియు పదేండ్లకు నూరైనచో, ఆ పదేండ్లును వస్తువుల వెల యేటికి నూటికైదు చొప్పున పెరిగియుండిన, ఆ నూటితో కొనగలిగినది నాటి 61 రూపాయల సరకే. "అసలు వచ్చినది" అని సంతోషించువాడు వాస్తవముగ మూడవ వంతుకు పైగా పోగొట్టుకొన్నవాడే.

ఇక మన నేల సంగతి. 2014 పునర్విభజన చట్టమున దుగరాజపట్నము రేవు మొదటి దశ 2018 నాటికి ముగియునని వ్రాయబడెను. ఆ గడువునకు రేవు రాలేదు. నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గము 2011-12లో మంజూరయ్యెను. వింజమూరు, ఆత్మకూరుల మీదుగ పోవలసిన 309 కిలోమీటర్ల యీ మార్గము ఏండ్ల తరబడి తునుకలు తునుకలుగ సాగినది. రైలు వచ్చునని రాళ్లు పాతిన లేఅవుటులో స్థలము కొనువాడు, రైలు వచ్చువఱకు వడ్డీ భరింపగలడా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. దీనికి భిన్నముగ, మన పేటలో దర్గాకు వచ్చు యాత్రికులకు బస యిచ్చు నింటికి అద్దె నేడే కలదు. ధరకు అద్దెయే వేరు. వేరులేని కొమ్మ యెంత పచ్చగనున్నను నమ్మరాదు.

ఉదాహరణమునకు నలువది లక్షల యింటికి నెలకు ఎనిమిది వేల అద్దె వచ్చుననుకొందము. ఏడాదికి 96,000 రూపాయలు. అనగా నూటికి 2.4 వంతులు. అందులో ముప్పది లక్షలు నూటికి తొమ్మిది వడ్డీకి తెచ్చినచో మొదటి యేడాది వడ్డీయే 2,70,000. ఈ లోటును ధర పెరుగుదల యొక్కటియే పూడ్పవలెను. పెరుగనిచో? పంచాంగమున ఆదాయ వ్యయములు శ్రద్ధగ వినువారము మన యింటి ఆదాయ వ్యయములు చూచుకొనకుండుట తగునా?

కావున ధర యే నెలలో లేచునో చెప్పువానిని నమ్మకుడు. దస్తావేజుల సంఖ్య పెరుగుచున్నదా, ఖాళీ యిండ్లు తగ్గుచున్నవా, అద్దెలు నిలిచినవా, పనివారికి పనులున్నవా, ఈ నాలుగును చూడుడు. నాలుగును ఔనన్నచో కోలుకొనుట సమీపించినది. వసించుటకు ఇల్లు కావలసినవాడు తన యాదాయమునకు లోబడి కొనవచ్చును; లాభమునకై అప్పుచేసి కొనుట జూదము. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, నమోదైన పథకములందు కొనుగోలుదారు సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేక ఖాతాలో నుంచవలెనని విధించినది. నమోదు సంఖ్య యడుగక పైకమీయకుడు.

చివరగ నొక మనవి. ప్రతి పఠనాలయమును తన ప్రాంతపు దస్తావేజుల సంఖ్యను, అద్దెలను నెలనెల పలకమీద వ్రాసియుంచినచో, సామాన్యుడు వదంతిని గాక లెక్కను చదువును. లెక్క తెలిసిన ప్రజను మోసగించుట సులభము గాదు.